ఒక ప్రాసెసర్ – పది యూనిట్లు
(జంషెడ్‌పూర్‌లో మన వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కంప్యూటర్ల గురించి ఒక అరగంట మాట్లాడమని కార్యవర్గం వారు ఆజ్ఞాపించారు. నేను ఇంజనీరును కాను. ఇంటర్మీడియట్ పాసై సిగ్నల్స్‌లో చేరి, జబల్‌పూర్‌లో ట్రైనింగ్ చేసి, సుబేదారుగా రిటైరైనవాణ్ణి. సర్వీసులో చూసిన పరికరాల గురించి ఈ సభలో ఒక్క ముక్క కూడా చెప్పను, అది మనందరికీ తెలిసిన క్రమశిక్షణే. ఇప్పుడు చెప్పబోయేదంతా బయట పుస్తకాల్లో ఉన్నదే. ఇంట్లో పాత కంప్యూటరు ముందు కూర్చుని నేను చేసి చూసుకున్నదే.

మన పెద్దలు శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి రైలెక్కి ఈ ఊరికి ఉక్కు పనికి వచ్చారు. ఇప్పుడు మన పిల్లలు ఇక్కడ చదువుకుని హైదరాబాదుకు, బెంగుళూరుకు కంప్యూటర్ పనికి వెళ్తున్నారు. అక్కడ ఇంటర్వ్యూలో అడిగే మొదటి మాటల్లో "వర్చువల్ మెషీన్" ఒకటి. పేరు చెప్పగలిగిన పిల్లలు చాలామంది ఉన్నారు. లోపల ఏం జరుగుతుందో చెప్పగలిగినవాళ్లు తక్కువ. ఆ లోపలి సంగతి ఫౌజులో పనిచేసినవాడికి తొందరగా అర్థమవుతుందని నా నమ్మకం. ఎందుకంటే ఇదంతా ఆర్డరు, రిపోర్టుల కథే.

వర్చువల్ మెషీన్ అంటే ఏమిటి?

మామూలుగా ఒక కంప్యూటరులో ఒక ఆపరేటింగ్ సిస్టమ్ ఉంటుంది. విండోస్ గాని, లైనక్స్ గాని. ప్రాసెసరు, మెమరీ, డిస్కు అన్నీ దాని చేతి కిందే. యూనిట్‌కి సీఓ సాబ్ ఎలాగో, యంత్రానికి ఆపరేటింగ్ సిస్టమ్ అలాగన్నమాట.

ఇప్పుడు ఒకే యంత్రంలో పది ఆపరేటింగ్ సిస్టమ్‌లు నడపాలనుకోండి. ప్రతి ఒక్కటీ "ఈ యంత్రమంతా నాదే" అనుకునే రకం. పదిమంది సీఓలను ఒకే ఆఫీసులో కూర్చోబెడితే ఏమవుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. అందుకని వాళ్లందరి పైన ఒక ప్రోగ్రామును పెడతారు. దానిని హైపర్‌వైజర్ అంటారు. మన భాషలో స్టేషన్ హెడ్‌క్వార్టర్స్ అనుకోండి. అది ప్రతి ఆపరేటింగ్ సిస్టమ్‌కూ ఒక సొంత కంప్యూటరు ఉన్నట్టు చూపిస్తుంది. అలా చూపించిన కంప్యూటరే వర్చువల్ మెషీన్. అందులో నడిచే ఆపరేటింగ్ సిస్టమ్‌ను గెస్ట్ అంటారు.

ఈ ఆలోచన కొత్తది కాదు. 1960ల చివర్లోనే ఐబీఎం వారు 360 మోడల్ 67 అనే పెద్ద యంత్రం మీద సీపీ-67 పేరుతో ఇది నడిపించారు. 1972లో వీఎం/370 వచ్చింది. ఆ రోజుల్లో యంత్రం ఖరీదు చాలా ఎక్కువ. ఒక్కదాన్నే పదిమందికి పంచవలసిన అవసరం ఉండేది.

ఇవాళ్టి అవసరం కూడా అదే. అమెజాన్ కంపెనీ 2022 నవంబరులో హైదరాబాదులో తన క్లౌడ్ కేంద్రాన్ని ప్రారంభించింది. అక్కడ అద్దెకిచ్చేది చాలావరకు వర్చువల్ మెషీన్లే. ఒకే యంత్రం మీద ఒక బ్యాంకు పని, పక్కనే ఒక సినిమా టికెట్ల కంపెనీ పని నడవవచ్చు. ఒకరి కాగితాలు ఇంకొకరి కంట పడకూడదు. మన హైదరాబాదు బిడ్డ సత్య నాదెళ్ల గారు 2014 ఫిబ్రవరిలో మైక్రోసాఫ్ట్ సీఈఓ అయ్యేముందు చూసిన విభాగం కూడా ఈ క్లౌడ్, సర్వర్ల పనే. ఆ కంపెనీ హైపర్‌వైజర్ హైపర్-వి 2008లో వచ్చింది. నేను చెప్పబోయే సదుపాయం ప్రాసెసరులో లేకపోతే అది అసలు నడవదు.

అమలు కాని ఆర్డరు, రాని రిపోర్టు

ఇంటెల్ ప్రాసెసర్లలో నాలుగు హోదాలు ఉంటాయి. వాటిని రింగులు అంటారు. రింగ్ 0 అందరికంటే పై హోదా, ఆపరేటింగ్ సిస్టమ్ కూర్చునేది అక్కడే. రింగ్ 3 అందరికంటే కింద, మనం వాడే మామూలు ప్రోగ్రాములు అక్కడ ఉంటాయి. రింగ్ 3లో ఉన్నవాడు తన హోదాకు మించిన ఆదేశం ఇస్తే ప్రాసెసరు అక్కడే ఆపి, పైవాడికి రిపోర్టు చేస్తుంది. దీన్ని ట్రాప్ అంటారు.

హైపర్‌వైజర్ పద్ధతి దీని మీదే ఆధారపడింది. రింగ్ 0లో హైపర్‌వైజర్ కూర్చుంటుంది. గెస్ట్‌ను కింది హోదాకు దింపుతుంది, కాని ఆ సంగతి గెస్ట్‌కు తెలియనివ్వదు. గెస్ట్ పెద్ద ఆదేశం ఇచ్చిన ప్రతిసారీ ట్రాప్ వస్తుంది. హైపర్‌వైజర్ ఆ పని దాని తరఫున చేసిపెట్టి, "హుకుం అమలైంది సాబ్" అన్నట్టు తిరిగి పంపుతుంది.

ఇది సవ్యంగా నడవాలంటే ప్రాసెసరులో ఏముండాలో 1974లో పోపెక్, గోల్డ్‌బర్గ్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు సూత్రంగా రాశారు. తేలిక మాటల్లో: యంత్రం స్థితిని మార్చే లేదా బయటపెట్టే ప్రతి ఆదేశమూ, హోదా లేనివాడు ఇచ్చినప్పుడు తప్పనిసరిగా పైకి రిపోర్టు కావాలి. ఒక్కటి కూడా తప్పించుకోకూడదు.

ఇంటెల్ ప్రాసెసర్లు ఈ పరీక్షలో నిలవలేదు. ఉదాహరణకు పాప్-ఎఫ్ అనే ఆదేశం ఉంది. ఇంటరప్టులు, అంటే బయటి నుంచి వచ్చే పిలుపులు, తీసుకోవాలా ఆపాలా అనే మీట దీనితో మారుతుంది. రింగ్ 0లో ఇస్తే మీట మారుతుంది. కింది హోదాలో ఇస్తే మీట మారదు. అక్కడితో అయితే ఫరవాలేదు. కాని మారలేదని రిపోర్టు కూడా రాదు! ప్రాసెసరు ఏమీ జరగనట్టు తర్వాతి ఆదేశానికి వెళ్లిపోతుంది. గెస్ట్ ఏమో పిలుపులు ఆగాయనుకుని ధీమాగా ఉంటుంది. హైపర్‌వైజర్‌కు అలాంటి ఆర్డరు వచ్చినట్టే తెలియదు.

సోదరులారా, ఈ పరిస్థితి మనకు బాగా తెలుసు. ఆర్డరు పాటించని జవానును దారికి తేవచ్చు, ఎందుకంటే పాటించలేదని తెలుస్తుంది. పాటించకుండా, పాటించలేదని చెప్పకుండా ఊరుకునే పోస్టు ఉంటే, మ్యాపు మీద అక్కడ మనవాళ్లున్నారని గుర్తు పెట్టుకుని ముందుకు పోతాం. అసలు ప్రమాదం అక్కడుంది.

2000వ సంవత్సరంలో ఇద్దరు పరిశోధకులు పెంటియం ప్రాసెసరు ఆదేశాలను ఒక్కొక్కటిగా పరిశీలించి ఇలాంటివి 17 ఉన్నాయని తేల్చారు. ఒకరు అమెరికా వైమానిక దళానికి చెందిన రాబిన్, రెండోవారు అక్కడి నేవీ పోస్ట్‌గ్రాడ్యుయేట్ స్కూలుకు చెందిన ఇర్విన్ గారు. వేరు వేరు రహస్య స్థాయిల సమాచారాన్ని ఒకే యంత్రం మీద నమ్మకంగా విడివిడిగా ఉంచగలమా అన్నది వారి ప్రశ్న. ఆ ప్రశ్న దళాల మనుషులకే ముందు తోచడంలో వింత లేదు కదండీ.

హార్డ్‌వేర్ రాకముందు చేసిన ఉపాయాలు

అయినా మనుషులు ఊరుకోలేదు. 1998లో పుట్టిన వీఎంవేర్ కంపెనీ 1999లో ఇంటెల్ యంత్రాల మీదే వర్చువల్ మెషీన్ నడిపి చూపించింది. గెస్ట్ ఇవ్వబోయే ఆదేశాలను ముందుగానే చదివి, ఆ మొండి ఆదేశాలు కనపడ్డచోట వాటిని తీసి వేరేవి పెట్టి నడిపేవారు. జవాన్ల ఉత్తరాలు పోయేముందు సెన్సారు చేసినట్టన్నమాట. చాలా తెలివైన పని, అంతే కష్టమైన పని.

2003లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన జెన్ ఇంకో దారి పట్టింది. గెస్ట్‌కే నిజం చెప్పేసి, "నీ పైన హెడ్‌క్వార్టర్స్ ఉంది, ఈ పనులకు దాన్నే అడుగు" అని దాని కోడు మార్చారు. లైనక్స్ కోడు అందరికీ అందుబాటులో ఉంటుంది కనుక అక్కడ ఇది కుదిరింది. విండోస్ కోడు బయటివాళ్ల చేతిలో ఉండదు కనుక అక్కడ కుదరలేదు.

2005: ప్రాసెసరే రంగంలోకి దిగింది

2005 నవంబరులో ఇంటెల్ తన వీటీ-ఎక్స్ సదుపాయంతో మొదటి పెంటియం 4 ప్రాసెసర్లను విడుదల చేసింది. 2006లో ఏఎండీ వారు ఏఎండీ-వి తెచ్చారు. రెండింటి వివరాలు వేరైనా సారం ఒకటే.

పాత నాలుగు రింగుల జోలికి పోకుండా, ప్రాసెసరుకు రెండు విధానాలు ఇచ్చారు. ఒకటి హైపర్‌వైజర్‌ది, రెండోది గెస్ట్‌ది. రెండింటిలోనూ నాలుగు రింగులూ ఉంటాయి. అంటే గెస్ట్‌ను ఇక హోదా దింపనక్కర్లేదు. అది తన విధానంలో నిజంగానే రింగ్ 0లో కూర్చుంటుంది. పాప్-ఎఫ్ ఇస్తే దాని వరకు మీట నిజంగానే మారుతుంది. అయితే బయటి నుంచి వచ్చే అసలు ఇంటరప్టు మాత్రం ఆ మీటతో సంబంధం లేకుండా హైపర్‌వైజర్‌కే చేరేలా ఏర్పాటు చేసుకోవచ్చు. యూనిట్ లైన్లలో సీఓ సాబ్‌దే పూర్తి హుకుం, స్టేషన్ అలారం మోగితే మాత్రం అది స్టేషన్ హెడ్‌క్వార్టర్స్‌దే అన్నట్టు.

ఈ రాకపోకలకు ఒక రిజిస్టరు ఉంది. ఇంటెల్ వారు దాన్ని వీఎంసీఎస్ అంటారు, ఏఎండీ వారు వీఎంసీబీ అంటారు. మనకు అలవాటైన హ్యాండింగ్ ఓవర్ – టేకింగ్ ఓవర్ రిజిస్టరు లాంటిదే. ఇంటెల్ రిజిస్టరులో ముఖ్యంగా నాలుగు సంగతులుంటాయి. గెస్ట్ ఎక్కడ ఆగిందో ఆ స్థితి. హైపర్‌వైజర్ ఎక్కడి నుంచి మొదలెట్టాలో ఆ స్థితి. ఏయే పనులకు గెస్ట్ ఆగి పైకి రిపోర్టు చేయాలో ఆ జాబితా. చివరిగా, ఈసారి ఎందుకు ఆగిందో ఆ కారణం.

హైపర్‌వైజర్ "వీఎం లాంచ్" లేదా "వీఎం రెజ్యూమ్" అనగానే ప్రాసెసరు రిజిస్టరు చూసి గెస్ట్ స్థితిని ఎక్కించుకుంటుంది. గెస్ట్ ఆదేశాలు నేరుగా ప్రాసెసరు మీదే పూర్తి వేగంతో నడుస్తాయి, మధ్యలో ఎవరూ ఉండరు. జాబితాలో ఉన్న పని ఎదురైతే ప్రాసెసరే ఆపి, గెస్ట్ స్థితిని రిజిస్టరులో రాసి, కారణం వేసి, పగ్గాలు హైపర్‌వైజర్‌కు అప్పగిస్తుంది. దీన్ని వీఎం ఎగ్జిట్ అంటారు. సద్దు లేకుండా జారిపోయే ఆదేశాల బెడద దీనితో తీరింది. గెస్ట్ అదే పనిగా తిరుగుతూ ప్రాసెసరును వదలకపోయినా, టైమరు మోగగానే పగ్గాలు పైవాడి చేతికి వచ్చేస్తాయి.

ఒక్క సంగతి నిజాయితీగా చెప్పాలి. ఇది వచ్చిన వెంటనే అన్నీ వేగవంతం కాలేదు. ప్రతి అప్పగింతకూ సమయం పడుతుంది. 2006లో వీఎంవేర్ ఇంజనీర్లే కొలిచి చూసి, చాలా పనుల్లో తమ పాత సాఫ్ట్‌వేర్ ఉపాయమే ఈ మొదటి తరం హార్డ్‌వేర్ కంటే బాగుందని ప్రకటించారు. అయితే రాసేవాళ్లకు శ్రమ తగ్గింది. హార్డ్‌వేర్ అండ ఉండబట్టే కేవీఎం అనే చిన్న ప్రోగ్రాము లైనక్స్‌నే హైపర్‌వైజర్‌గా మార్చగలిగింది. 2007 ఫిబ్రవరిలో అది లైనక్స్ 2.6.20లో చేరింది.

56 ఏపీఓ సూత్రం

వేగం తగ్గడానికి పెద్ద కారణం మెమరీ. ప్రతి గెస్ట్ తన మెమరీ 0వ నంబరు గదితో మొదలవుతుందనే అనుకుంటుంది. పది గెస్ట్‌లకూ 0వ నంబరు గది ఒకటే కాలేదు కదా? గెస్ట్ అనుకునే నంబరు వేరు, అసలు గది వేరు.

తొలి రోజుల్లో హైపర్‌వైజర్ గెస్ట్ పట్టికకు నకలు రాసుకుని, అందులో అసలు నంబర్లు వేసుకునేది. గెస్ట్ ఒక గీత మార్చినా నకలు దిద్దాలి. ఇంట్లో బిడ్డ పుట్టినా, పెళ్లైనా పార్ట్ టూ ఆర్డరు వేసి రికార్డ్స్ ఆఫీసుకు పంపుతాం కదా, అలా నిమిషానికి వేల పార్ట్ టూ ఆర్డర్లు పడితే హెడ్ క్లర్క్ గతేం కావాలి?

ఏఎండీ 2007లో, ఇంటెల్ 2008లో దీనికి విరుగుడు తెచ్చాయి. ఇంటెల్ పేరు ఈపీటీ. ఇది అర్థం కావడానికి మన 56 ఏపీఓను గుర్తు చేసుకోండి. ఇంటి నుంచి ఉత్తరం వేసేవాళ్లు నంబరు, పేరు, యూనిట్, కేరాఫ్ 56 ఏపీఓ అని రాస్తారు. యూనిట్ ఎక్కడుందో వాళ్లకు తెలియదు, తెలియనక్కర్లేదు. ఆర్మీ పోస్టల్ వాళ్ల దగ్గర ఏ యూనిట్ ఎక్కడుందో పట్టిక ఉంటుంది, దాన్నిబట్టి ఉత్తరం చేరుతుంది. ఈపీటీ అచ్చం అలాంటి రెండో పట్టిక. గెస్ట్ తన పట్టికను తన ఇష్టం వచ్చినట్టు రాసుకుంటుంది. ఆ నంబరును ప్రాసెసరే రెండో పట్టికలో చూసి అసలు గదికి వెళ్తుంది. రెండో పట్టిక హైపర్‌వైజర్ చేతిలో మాత్రమే ఉంటుంది. అందులో లేని గదికి గెస్ట్ ఎంత ప్రయత్నించినా చేరలేదు. గోడ అంటే ఇదే.

యూనిట్ సిక్కిం నుంచి రాజస్థాన్ వెళ్లినా ఇంటివాళ్లకు తేడా తెలియకుండా ఉత్తరాలు అందుతూనే ఉంటాయి. అలాగే గెస్ట్‌ను ఒక గది నుంచి ఇంకో గదికే కాదు, నడుస్తుండగానే ఒక యంత్రం నుంచి ఇంకో యంత్రానికి మార్చినా దానికి తెలియదు. డేటా సెంటర్లలో ఇది రోజూ జరిగే పని.

దీనికీ ఖర్చుంది. మామూలుగా చిరునామా వెతకడానికి నాలుగు మెట్లు. పట్టికలు రెండైతే, ఒక్కోసారి 24 సార్లు మెమరీని చూడవలసి రావచ్చు. దొరికిన జవాబును దగ్గర పెట్టుకుని మళ్లీ వాడుకుంటుంది కనుక మొత్తం మీద లాభమే.

ఇంకొక ద్వారం మిగిలింది. నెట్‌వర్క్ కార్డు, డిస్కు లాంటివి ప్రాసెసరును అడక్కుండా నేరుగా మెమరీలో రాస్తాయి. ఒక గెస్ట్‌కు ఇచ్చిన కార్డు ఇంకో గెస్ట్ గదిలో రాస్తే? అందుకు ఇంటెల్ వీటీ-డి అనే కాపలా పెట్టింది. క్వార్టర్ గార్డులో గేట్ పాస్ చూసినట్టు, ఆ కార్డు ఏ గదులకు వెళ్లవచ్చో చూసి గాని వదలదు.

గోడకు పగుళ్లు

గోడ కట్టామని నిద్రపోతే కుదరదు. రెండు ఉదాహరణలు చెప్తాను.

2015లో వెనమ్ అనే లోపం బయటపడింది. ప్రాసెసరు గోడలో తప్పు లేదు. గెస్ట్‌కు చూపించే ఉత్తుత్తి ఫ్లాపీ డ్రైవు ప్రోగ్రాములో తప్పు. ఫ్లాపీ వాడేవాడే లేడు, కాని దాని కోడు అలాగే ఉండిపోయింది. వాడని గేటుకు తాళం ఉందో లేదో ఎవరూ చూడనట్టన్నమాట.

2018 ఆగస్టులో బయటపడిన ఎల్1టీఎఫ్ ఇంకా లోతైనది. ప్రాసెసర్లు వేగం కోసం ముందు పని చేసేసి, తర్వాత తప్పని తేలితే చెరిపేస్తాయి. కొన్ని ఇంటెల్ ప్రాసెసర్లలో, చెల్లని చిరునామా ఎదురైనప్పుడు ఆ తొందరలో గెస్ట్ రాసిన నంబరునే అసలు గది నంబరుగా పట్టుకునేవి. అంటే ఉత్తరం ఏపీఓ పట్టిక చూడకుండా నేరుగా పోయిందన్నమాట. ఆ గది సమాచారం ప్రాసెసరు దగ్గరి చిన్న జ్ఞాపకంలో అప్పటికే ఉంటే, దాని జాడ దొరికేది. పక్కవాడి రహస్యం చదివే దారి అలా ఏర్పడింది. ప్రాసెసరు మైక్రోకోడునూ, హైపర్‌వైజర్లనూ సరిచేసి, తర్వాతి ప్రాసెసర్లలో హార్డ్‌వేరునే మార్చి దీన్ని మూశారు.

అసలు హైపర్‌వైజర్‌నే నమ్మలేకపోతే ఎలా అనే ప్రశ్న కూడా వచ్చింది. 2017లో ఏఎండీ తన ఎపిక్ సర్వర్ ప్రాసెసర్లలో గెస్ట్ మెమరీకి ప్రాసెసరే సైఫర్ వేసే సదుపాయం తెచ్చింది. తాళంచెవి ప్రాసెసరు దగ్గరే ఉంటుంది, హైపర్‌వైజర్‌కు అందదు. సిగ్నల్స్‌లో పనిచేసినవాడిగా నాకు ఇది నచ్చింది. ఉత్తరం మోసేవాడికి అది చదివే హక్కు ఉండనక్కర్లేదు.

మన ఇళ్లకు పనికొచ్చే మాట

ఇక మనకు కావలసింది. మన మాంగోలో ఉండే ఒక మాజీ నాయక్ గారి అబ్బాయి కోర్సులో వర్చువల్ మెషీన్ పెట్టమన్నారు. అది నడవలేదు. ఒక దుకాణంలో చూపిస్తే ఈ కంప్యూటరు పనికిరాదు, కొత్తది కొనమన్నారట. పెన్షన్ మీద బతికే ఇల్లు. చూస్తే ప్రాసెసరులో సదుపాయం ఉంది, బయాస్‌లో ఆఫ్ చేసి ఉంది. ఆన్ చేసి రీస్టార్ట్ చేయగానే నడిచింది. పది నిమిషాల పని.

కనుక కొత్తది కొనేముందు ఇలా చూడండి. విండోస్‌లో టాస్క్ మేనేజర్ తెరిచి, పెర్ఫార్మెన్స్‌లో సీపీయూ నొక్కితే కింద "వర్చువలైజేషన్" అని ఉంటుంది. ఎనేబుల్డ్ అంటే సరే. డిసేబుల్డ్ అంటే కంప్యూటరు ఆన్ చేస్తున్నప్పుడు బయాస్‌లోకి వెళ్లి ఇంటెల్ వర్చువలైజేషన్ టెక్నాలజీ అనే చోట, ఏఎండీ అయితే ఎస్‌వీఎం మోడ్ అనే చోట ఆన్ చేయాలి. మెమరీ 8 జీబీ ఉంటే ఒక చిన్న లైనక్స్ గెస్ట్ హాయిగా నడుస్తుంది. లైనక్స్ ఉచితం, వర్చువల్ బాక్స్ ప్రోగ్రాము కూడా ఇంట్లో నేర్చుకోవడానికి ఉచితమే. పిల్లలు గెస్ట్‌ను ఎన్నిసార్లు పాడుచేసినా ముందే తీసిపెట్టుకున్న నకలుతో మళ్లీ నిలబెట్టవచ్చు, అసలు కంప్యూటరుకు హాని లేదు. ఫైరింగ్ రేంజ్ లేకుండా గురి రానట్టే, పాడుచేసే చోటు లేకుండా ఈ విద్య రాదు.

పెద్దలకు ఒక హెచ్చరిక. స్పర్శ్ పెన్షన్ లాగిన్ చేసే కంప్యూటరులో తెలియని ఫైళ్లు తెరవకండి. తప్పదంటే గెస్ట్‌లో తెరవడం కొంత నయం. కాని ఫోనులో ఓటీపీ అడిగితే చెప్పేసేవాణ్ణి ఏ ప్రాసెసరూ కాపాడలేదు.

ముగించే ముందు పిల్లలకు ఒక మాట. ఇంటర్వ్యూలో ఈ ప్రశ్న వస్తే పేర్లు అప్పజెప్పకండి. గెస్ట్‌కు తన హద్దులో పూర్తి అధికారం ఇచ్చారు, హద్దు దాటే ప్రతి పనికీ రిపోర్టు తప్పనిసరి చేశారు, ఆ రిపోర్టు రాయించే బాధ్యత ప్రాసెసరుకే అప్పగించారు – ఇంత చెప్పండి చాలు. మిగతావన్నీ దీని వెనక నడిచేవే. ఎక్కడైనా అనుమానం వస్తే సంఘం ఆఫీసులో ఆదివారం సాయంత్రం నేనుంటాను, కంప్యూటరు పట్టుకు రండి, కలిసి చూద్దాం.



జై హింద్.